ఆక్స్‌బరో హాల్: కోట వేషం వేసిన ఇటుక ఇల్లు

క్లుప్తంగా: ఇంగ్లండ్ తూర్పున నార్ఫోక్ పల్లెల మధ్య ఉన్న ఆక్స్‌బరో హాల్ 1482 నాటి ఇటుక కట్టడం. చుట్టూ అగడ్త, ముందు జంట బురుజులు. చూడ్డానికి కోటలా ఉన్నా యుద్ధం చేయడానికి కట్టింది కాదు. ఆ రోజుల్లో అక్కడ ఇటుక పేదవాడి సరుకు కాదు, డబ్బున్నవాళ్ల మోజు. ఇవాళ మధ్యయుగానివని అందరూ ఫొటోలు తీసుకునే కొన్ని భాగాలకు రెండు వందల ఏళ్ల వయసు కూడా లేదు.

ఆక్స్‌బరో హాల్ ఫొటో చూసినవాళ్లకు మొదట వచ్చే అనుమానం ఒకటే. ఇది కోటా, ఇల్లా? గేటుకు అటూ ఇటూ సుమారు 80 అడుగుల ఎత్తున లేచిన బురుజులు, వాటి మీద కోటకొమ్మలు, కాళ్ల దగ్గర నీళ్లు ఉంటాయి. ఇంత హంగామా చేసి, సరిగ్గా గేటు నెత్తిన పెద్ద పెద్ద కిటికీలు పెట్టారు. శత్రువు వస్తాడని నిజంగా భయపడేవాడు అక్కడ కిటికీ పెట్టుకోడు.

కోట అనాలంటే రక్షణ చాలదు, మామూలు ఇల్లు అనాలంటే ఆర్భాటం ఎక్కువ. తెలుగులో దీనికి కాస్త దగ్గరగా వచ్చే మాట గడీ. ఊరి మీద పెత్తనం ఉన్న కుటుంబం ఉండే ఇల్లు, దూరం నుంచి చూసినా ఎవరిదో తెలిసిపోయే ఇల్లు. ఈ పోలిక అంతవరకే. ఆక్స్‌బరో అలా ఎందుకు ఉందో తెలియాలంటే ముందు అక్కడి నేలను, తర్వాత ఆ కాలపు రాజకీయాన్ని చూడాలి.

రాయి దొరకని నేల

నార్ఫోక్‌లో మంచి కట్టుడు రాయి దాదాపు లేదు. దొరికేది చెకుముకి రాయి, మెత్తటి సుద్ద రాయి, కొన్నిచోట్ల ముదురు గోధుమరంగు ఇసుక రాయి. చెకుముకి రాయి గట్టిదే కానీ చిన్న చిన్న గడ్డలుగా వస్తుంది. దాంతో గోడ నింపొచ్చు, మూల మాత్రం చదరంగా తేల్చడం కష్టం. అందుకే ఈ ప్రాంతంలో కొన్ని పాత చర్చిలకు గుండ్రటి గోపురాలుంటాయి. గుండ్రంగా కడితే మూలల బాధ ఉండదు కదా.

చదరపు రాయి కావాలంటే పడమట ఉన్న బార్నాక్ గనుల నుంచో, సముద్రం దాటి ఫ్రాన్స్‌లోని కాన్ నుంచో పడవల్లో తెప్పించుకోవాలి. చర్చిలు, మఠాలు అలాగే తెప్పించుకున్నాయి. అయితే ఆక్స్‌బరో పక్కనే మొదలయ్యే ఫెన్స్ అనే చిత్తడి మైదానాల్లో, వాటి అంచుల్లో బంకమట్టికి కొదవ లేదు.

మట్టి ఉన్నంత మాత్రాన ఇటుక రాదు, చేసే విద్య కూడా ఉండాలి. రోమన్లు బ్రిటన్‌లో ఇటుకలు బాగానే వాడారు. 5వ శతాబ్దం మొదట్లో వాళ్లు వెళ్లిపోయాక ఆ పని కొన్ని వందల ఏళ్లు మూలపడింది. ఆ మధ్యకాలంలో జనం రోమన్ శిథిలాల నుంచి పాత ఇటుకలు పీక్కొచ్చి కట్టుకున్నారు. సెయింట్ ఆల్బన్స్ చర్చి అందుకు పెద్ద ఉదాహరణ. కొత్తగా కాల్చిన ఇటుకతో కట్టి ఇప్పటికీ నిలిచి ఉన్న ఇళ్లలో బాగా పాతది సఫోక్‌లోని లిటిల్ వెనమ్ హాల్. అది 13వ శతాబ్దం చివరి భాగానిది.

ఈ విద్య తిరిగి వచ్చింది ఉత్తర సముద్రం అవతలి నుంచి, ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం, ఉత్తర జర్మనీ తీరాల నుంచి. అక్కడా రాయి తక్కువ, బంకమట్టి ఎక్కువ. ఆక్స్‌బరోకు దగ్గర్లోని కింగ్స్ లిన్ ఆ తీరాలతో వ్యాపారం చేసిన రేవు. జర్మన్ వర్తకుల హాన్సా సంఘం 1475లో అక్కడ కట్టుకున్న గిడ్డంగి ఇప్పటికీ ఉంది. పనివాళ్లు కూడా ఆ దారినే వచ్చారు. లింకన్‌షైర్‌లో 1430, 40లలో కట్టిన టాటర్‌షల్ కోట పద్దుల్లో ఇటుకలు చేసినవాడి పేరు బాల్డ్విన్ డోచ్‌మన్ అని ఉంది. డోచ్‌మన్ అంటే ఆ అవతలి తీరం మనిషి.

టాటర్‌షల్ కట్టించింది దేశ ఖజానా చూసే లార్డ్ క్రామ్‌వెల్. రాయి తెప్పించుకోలేని మనిషి కాదు. అయినా ఇటుకనే ఎంచుకున్నాడంటే అది గతిలేక చేసిన పని కాదు. ఎర్రటి ఇటుక గోడ అప్పటికి ఇంగ్లండ్‌లో కొత్త ఫ్యాషన్. రాయి, కర్ర ఇళ్ల మధ్య అది కొట్టొచ్చినట్టు కనిపించేది. పైగా కట్టెల ఖర్చు, విదేశీ మేస్త్రీల కూలి కలిపితే చవకేమీ కాదు. ఆక్స్‌బరోలో ఇటుకను చూడగానే పొదుపు అనుకోవడం ఇప్పటి లెక్క. అప్పటివాళ్లకు అది దర్జా.

ఏడాది పొడవునా సాగే పని

ఇంగ్లండ్‌లో ఇటుక పని రుతువుల చుట్టూ తిరిగేది. ఆక్స్‌బరో కట్టడానికి ఐదేళ్ల ముందు, 1477లో, పెంకుల తయారీ గురించి ఒక చట్టం వచ్చింది. మట్టిని నవంబరు 1కి ముందే తవ్వి పోయాలి, ఫిబ్రవరి 1కి ముందే తిరగేయాలి, మార్చి 1 దాకా పెంకులు పోయకూడదు. చాదస్తంగా కనిపించే ఈ నియమం వెనుక చలి ఉంది. తవ్విపోసిన మట్టిలోని నీరు చలికాలంలో గడ్డకట్టి, ఉబ్బి, పెళ్లలను లోపలి నుంచే పగలగొడుతుంది. వసంతానికి మట్టి మెత్తగా, ఒకే తీరుగా తయారవుతుంది. మన దగ్గర కాళ్లతో తొక్కి చేసే పనిలో సగం అక్కడ మంచు చేసిపెట్టేది.

తర్వాతి పని చూసిన ఎవరికైనా తెలిసిందే. అచ్చులో పోయడం, ఆరబెట్టడం, బట్టీ పేర్చి కాల్చడం. మట్టిలో ఇనుము ఎక్కువుంటే ఇటుక ఎర్రగా వస్తుంది, సున్నం పాలు ఎక్కువైతే పసుపు, తెలుపు వైపు పోతుంది. లిటిల్ వెనమ్ ఇటుకలు పాలిపోయిన పసుపు రంగులో ఉండటానికి, ఆక్స్‌బరోవి ఎర్రగా ఉండటానికి తేడా మట్టిలోనే ఉంది. బట్టీలో మంటకు మరీ దగ్గరగా ఉన్న ఇటుక తల మాడి, కట్టెల బూడిదలోని క్షారం తగిలి, నల్లగా గాజుపూత పూసినట్టు మెరుస్తుంది. మామూలుగా అయితే పారేయాల్సిన ఈ మాడు ఇటుకల్ని ఎర్ర గోడలో వరుస తప్పకుండా పేర్చి వజ్రాకారపు గళ్లు తీసేవారు. ట్యూడర్ రాజవంశపు కాలంలోని ఇటుక గోడల్లో అడుగడుగునా కనిపించే అలంకారం పుట్టింది అలాగే.

అప్పటి ఇటుకలు పల్చగా, సుమారు రెండంగుళాల మందంతో ఉండేవి. ఏ రెండూ ఒక్క కొలతలో ఉండేవి కావు. ఆ తేడాను మింగడానికి మధ్యలో సున్నం దట్టంగా పెట్టేవారు. 1571లో లండన్ ఇటుక మేస్త్రీల సంఘానికి ఇచ్చిన రాజపత్రంతో 9, 4½, 2¼ అంగుళాల కొలత ఖాయమైంది. మన మేస్త్రీలు నేటికీ అనే ‘తొమ్మిదంగుళాల గోడ’, ‘నాలుగున్నర గోడ’ ఇదే లెక్కకు సరిపోతాయి. 1784లో ఇటుకల మీద పన్ను పడింది, అదీ వెయ్యికి ఇంత అని. దాంతో లెక్కలో తక్కువ పడేలా కొందరు ఇటుక సైజు పెంచేశారు. 1803లో ప్రభుత్వం పెద్ద ఇటుకకు రెట్టింపు పన్ను వేసి ఆ తెలివికి అడ్డుకట్ట వేసింది. 1850లో పన్నే పోయింది.

ఇంగ్లండ్‌లో ఇటుక గోడను చూసి వయసు అంచనా కట్టడం కొంతవరకైనా సాధ్యమయ్యేది ఈ మార్పుల వల్లే. పేర్చే పద్ధతి మరో ఆనవాలు. ఒక రద్దా (ఇటుకల వరుస) అంతా ఇటుకల పొడవు కనిపించేలా, దాని మీది రద్దా అంతా తలలు కనిపించేలా పేరిస్తే అది ఇంగ్లిష్ బాండ్. 15, 16వ శతాబ్దాల పనిలో ఎక్కువగా ఇదే ఉంటుంది. ఒకే రద్దాలో ఒకటి పొడవు, ఒకటి తల వేస్తే ఫ్లెమిష్ బాండ్. లండన్ శివారులో 1631లో కట్టిన క్యూ ప్యాలెస్‌ను దీనికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. మన సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు పరీక్షల కోసం బొమ్మలు గీసేది ఈ రెండింటికే.

రాజు ఇచ్చిన అనుమతి

1482 జూలైలో నాలుగో ఎడ్వర్డ్ రాజు ఎడ్మండ్ బెడింగ్‌ఫెల్డ్‌కు ఆక్స్‌బరోలోని ఇంటికి గోడలు, బురుజులు, కోటకొమ్మలు కట్టుకోవచ్చని అనుమతి పత్రం ఇచ్చాడు. అలాంటి అనుమతి ఉందంటే అది సైనిక అవసరమేనని చాలాకాలం భావించారు. తర్వాతి పరిశోధకులు ఆ పత్రాలను మర్యాదకు గుర్తుగానూ చూడటం మొదలుపెట్టారు. కోటకొమ్మలు పెట్టుకునే హక్కు ఉందంటే రాజు దగ్గర పలుకుబడి ఉన్నట్టు. ఇంటి నెత్తిన ఆ కొమ్మలు నిలబడితే ఆ సంగతి ఊరందరికీ తెలుస్తుంది.

అలాగని అంతా వేషమే అనడం కూడా తొందరపాటు. ఇంగ్లండ్ అప్పుడు రెండు రాజవంశాల మధ్య చీలి ఉంది. నార్ఫోక్‌లోనే 1469లో కైస్టర్ అనే ఇటుక కోటను నార్ఫోక్ డ్యూక్ సైన్యం ముట్టడించి, కొన్ని వారాల తర్వాత లొంగదీసుకుంది. వారసత్వం తేలని ఆస్తి కోసం జరిగిన గొడవ అది. అలాంటి కాలంలో అగడ్త, బరువైన గేటు ఉంటే పక్క ఊరి పెద్దమనిషి పంపిన మూకనైనా ఆపొచ్చు. ఫిరంగులు పట్టుకుని సైన్యమే వస్తే మాత్రం ఆక్స్‌బరో గోడలు నిలవవు. దొంగల నుంచీ అల్లరి మూకల నుంచీ రక్షణ, మిగిలినదంతా హోదా అనుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

అదే ఏళ్లలో లెస్టర్‌షైర్‌లో లేస్తున్న ‘కిర్బీ మక్స్‌లో’ అనే కోట ఇంటిని పక్కన పెట్టి చూస్తే ఈ తూకం ఇంకా తేటపడుతుంది. దాన్ని లార్డ్ హేస్టింగ్స్ 1480లో మొదలుపెట్టాడు. అదీ ఇటుకే, దానికీ అగడ్త ఉంది. కానీ కింది గోడల్లో తుపాకులు పెట్టేందుకు రంధ్రాలున్నాయి. మరోపక్క మాడు ఇటుకలతో యజమాని పొడి అక్షరాలు, ఓడ బొమ్మ, మనిషి బొమ్మ తీర్చారు. ఆయుధమూ అలంకారమూ ఒకే గోడలో ఉన్నాయన్నమాట. 1483 జూన్‌లో, ఆ తర్వాత కొద్దిరోజులకే మూడో రిచర్డ్‌గా గద్దెనెక్కిన మనిషి హేస్టింగ్స్ తల తీయించాడు. మరుసటి ఏడాదికి పని ఆగింది. ఒక్క బురుజు పూర్తయి, గేట్‌హౌస్ (గేటు మీది మేడ) సగంలో మిగిలింది. ఆ ఇంటికి తుపాకీ రంధ్రాలు ఏ సాయమూ చేయలేకపోయాయి. బెడింగ్‌ఫెల్డ్ మాత్రం రాజులు మారినా నిలదొక్కుకున్నాడు. 1487లో కొత్త రాజు ఏడో హెన్రీ ఆక్స్‌బరోకు అతిథిగా వచ్చాడు. గేటు మీది పెద్ద గదిని నేటికీ రాజుగారి గది అనే పిలుస్తారు.

గేటు మీది మేడ

ఇంట్లో మొదటి రూపం చెడకుండా మిగిలిన భాగం ఈ గేట్‌హౌసే. రెండు బురుజులు పలకలు పలకలుగా కింది నుంచి పైదాకా లేస్తాయి. వాటిని అడ్డంగా విడదీస్తూ ఇటుకతోనే తీర్చిన బుల్లి కమానుల పట్టీలు వరుసగా ఉంటాయి. లోపల ఉన్న అంతస్తుల కన్నా బయట ఈ వరుసలు ఎక్కువ. దాంతో కట్టడం ఉన్నదాని కంటే ఎత్తుగా కనిపిస్తుంది. కింద రథం పట్టేంత గేటు, మీద ఒకదానిపై ఒకటి పెద్ద గదులు. బురుజుల మధ్యన, కోటల్లో కింద ఉన్నవాళ్ల మీద రాళ్లు వేయడానికి పెట్టే కమానును అనుకరించారు.

మేస్త్రీ పనితనం చూడాలంటే ఒక బురుజు లోపలి మెలిమెట్ల దగ్గరకు వెళ్లాలి. అక్కడ మెట్లు, వాటి అడుగున మెలి తిరుగుతూ పోయే కప్పు, చేత్తో పట్టుకునే కమ్మీ అన్నీ ఇటుకే. కమ్మీ గోడలోంచి పొడుచుకు రాదు, గోడలోకే గాడిలా దిగి మెట్లతో పాటు తిరుగుతూ పైకి పోతుంది. ఒక్కో ఇటుకను అచ్చులో వంపుగా పోసో, కాల్చాక అరగదీసో అతికించాలి. రాతిలో ఇలాంటి మెట్లు అప్పటికే మామూలు. ఒక్కో మెట్టుకు ఒక్కో పెద్ద బండ సరిపోతుంది. అరచేతిలో పట్టే ముక్కలతో అదే వంపు తేవడమంటే ప్రతి వరుసలో కొలత మారుతూ పోతుంది. ఇటుకతో రాయి చేసే పనంతా చేయించవచ్చని చూపించడానికే ఇంత శ్రమ పడ్డారనిపిస్తుంది.

ఈ పోటీ ఆ తర్వాతా ఆగలేదు. ఎసెక్స్‌లోని లేయర్ మార్నీలో 1520లలో ఇంకా ఆడంబరమైన ఇటుక గేట్‌హౌస్ లేచింది. దానికి ఇటలీ నమూనాలో కాల్చిన మట్టి నగిషీలు కూడా అతికించారు. కట్టించిన తండ్రి 1523లో, కొడుకు 1525లో చనిపోవడంతో గేటు మాత్రమే ఘనంగా మిగిలింది, వెనక అనుకున్న ఇల్లు పూర్తి కాలేదు.

దాక్కునే గది

16వ శతాబ్దం మధ్యలో ఇంటి యజమాని సర్ హెన్రీ బెడింగ్‌ఫెల్డ్ కేథలిక్ రాణి మేరీకి నమ్మిన మనిషి. 1554లో ఆమె చెల్లెలు ఎలిజబెత్‌ను నిర్బంధించినప్పుడు కాపలా బాధ్యత ఆయనదే. నాలుగేళ్లకు ఆ ఎలిజబెతే రాణి అయింది. దేశం ప్రొటెస్టెంట్ దారి పట్టింది, కుటుంబం కేథలిక్‌గానే ఉండిపోయింది. పదవులు పోయాయి, జరిమానాలు పడ్డాయి. కేథలిక్ మతగురువులకు ఆశ్రయమివ్వడం నేరమైంది.

దాని గుర్తు కట్టడంలోనే ఉంది. రాజుగారి గది పక్కన ఒకప్పటి మరుగుదొడ్డి గదిలో నేల మీది పలకలు పైకి లేస్తాయి. కింద మనిషి దూరి కూర్చునేంత చోటు ఉంది. మూత మీద కూడా చుట్టూ నేల మీద ఉన్న పలకలే పరచడంతో, మూసేస్తే తేడా తెలియదు. మందపాటి గోడల్లో దూరంగా విసిరేసినట్టుండే మరుగుదొడ్డి గది ఇలాంటి మార్పుకు అనువైనది. బయటి శత్రువును చూపుతో బెదిరించడానికి కట్టిన బురుజు, వందేళ్లు తిరిగేసరికి సొంత ప్రభుత్వ సోదా నుంచి దాక్కునే చోటైంది.

ఏది పాత, ఏది కొత్త

చూసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదట ఇల్లు నాలుగు వైపులా మూసుకుని, మధ్యలో వాకిలితో ఉండేది. ఉత్తరాన గేటు, దానికి ఎదురుగా దక్షిణాన ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే పెద్ద హాలు. 1775 ప్రాంతంలో నాలుగో బారొనెట్ (బెడింగ్‌ఫెల్డ్‌లకు వారసత్వంగా వచ్చే బిరుదు అది) ఆ హాలుతో సహా దక్షిణం వైపంతా కూల్పించాడు. వందమంది నౌకర్లతో కలిసి ఒకే గదిలో తినే అలవాటు అప్పటికి ఎప్పుడో పోయింది. అంత పెద్ద హాలు ఖర్చు తప్ప ఉపయోగం లేనిదైంది.

1830ల నుంచి ఆరో బారొనెట్ కాలంలో గాలి ఎదురు దిశలో తిరిగింది. 1829 చట్టంతో కేథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరుచుకున్నాయి. 1826లో పాస్టన్ వంశపు వారసురాలితో పెళ్లి వల్ల సొమ్మూ వచ్చింది. కైస్టర్ ముట్టడిలో కోట పోగొట్టుకున్న పాస్టన్లు ఆ వంశం వాళ్లే. ఇన్నేళ్లూ ఒదిగి ఉన్న కుటుంబం తమ పాతకాలపు మూలాలను ఇంటి మీద రాసుకోవాలనుకుంది. ఆర్కిటెక్ట్ జాన్ చెసెల్ బక్లర్ ఆగ్నేయ మూలన ఒక టవర్ లేపాడు, గోడలోంచి ముందుకు వచ్చే కిటికీలు పెట్టాడు, పైన మెలికలు తిరిగిన పొగగొట్టాలు నిలబెట్టాడు.

ఆ పొగగొట్టాలు ఇప్పుడు ఇంటి గుర్తయిపోయాయి. కానీ అలాంటి మెలికల గొట్టాలు ఇంగ్లండ్‌లో ఊపందుకున్నది ఎనిమిదో హెన్రీ కాలంలో, అంటే ఆక్స్‌బరో కట్టాక ఓ తరం గడిచాక. 1482 ఇంటికి 1520ల అలంకారాన్ని 19వ శతాబ్దంలో తగిలించారన్నమాట. దీన్ని మోసం అనాల్సిన పని లేదు. బక్లర్ పాత ఇటుక పనిని శ్రద్ధగా చదివిన మనిషి, పని కూడా చక్కగానే కుదిరింది. కాకపోతే ‘ఐదు వందల ఏళ్లుగా చెక్కుచెదరని ఇల్లు’ అనే మాట మాత్రం చెల్లదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో పన్నులు, నిర్వహణ భారం తట్టుకోలేక వందల సంఖ్యలో పల్లె భవనాలు కూలగొట్టేశారు. ఆక్స్‌బరో కూడా 1950ల మొదట్లో అమ్ముడుపోయి ఆ అంచు దాకా వెళ్లింది. కుటుంబంలోని ముగ్గురు ఆడవాళ్లు డబ్బు కూడదీసి తిరిగి కొని, 1952లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు అప్పగించారు.

కప్పు కింద దొరికినవి

2016 ఆగస్టులో కప్పులో ఉన్న ఒక కిటికీ కూలి వాకిట్లో పడింది. తర్వాతి పరీక్షల్లో మిగతా కిటికీలు, పొగగొట్టాలు, కప్పు కూడా ప్రమాదంలో ఉన్నాయని తేలింది. దాదాపు 60 లక్షల పౌండ్లతో మొదలైన మరమ్మతు 2022 దాకా నడిచింది.

ఇటుక ఇంటికి చేటు ఎప్పుడూ పై నుంచే వస్తుంది. కప్పు కారితే గోడలోకి నీరు దిగుతుంది, చలికి గడ్డకట్టి తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, ఇటుక ముఖం పొరలుగా రాలిపోతుంది. పాత గోడల్లోని సున్నం మెత్తనిది. గోడ కాస్త కదిలినా తట్టుకుంటుంది, తడిని తనలోంచి బయటికి వదిలేస్తుంది. 20వ శతాబ్దంలో చాలాచోట్ల గట్టిగా ఉంటుందని సందుల్లో సిమెంటు కూరారు. సిమెంటు తడిని వదలదు. నీరు ఇటుకలోంచే బయటపడాల్సి వచ్చి, అతుకు నిలిచి ఇటుక పోతుంది. అందుకే ఇప్పుడు అక్కడ చారిత్రక కట్టడాలకు మళ్లీ సున్నమే వాడుతున్నారు. సున్నం అతుకు అరిగిపోతే తిరిగి పెట్టుకోవచ్చు, అరిగిన ఇటుకను ఏం చేయలేం.

2020లో, లాక్‌డౌన్ రోజుల్లో, అటక నేల చెక్కలు తీసినప్పుడు సున్నం చేసే మరో పని బయటపడింది. చెక్కల కింద శతాబ్దాల చెత్త, దాని మీద రాలిన సున్నపు పూత దట్టంగా పేరుకుని ఉన్నాయి. సున్నం తేమను లాగేసుకోవడంతో కింద ఉన్నవి కుళ్లలేదు. పాత ఎలుకల గూళ్లలో ట్యూడర్ కాలపు గుడ్డ ముక్కలు వందల కొద్దీ చిక్కాయి. 1568లో అచ్చయిన ప్రార్థనల పుస్తకం ఒకటి దొరికింది. చూరు దగ్గరి శిథిలాల్లో ఓ పనివాడి కంట చర్మపత్రం ముక్క పడింది. చేతిలో ఇమిడేంత చిన్నది. దాని మీద లాటిన్‌లో బైబిల్ ముప్ఫై తొమ్మిదో కీర్తన, నీలిరంగు అక్షరానికి అద్దిన బంగారు రేకు ఇంకా మెరుస్తూనే ఉంది. రాసింది 15వ శతాబ్దంలో, అంటే ఆ ఇటుకలు పోసిన శతాబ్దంలోనే.